జమ్మిచెట్టు ఎత్తు

తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్ళు మొట్టమొదట చూసిన తుపాకి బహుశా పిట్టలదొర భుజానిదే అయ్యుంటుంది. వెలిసిపోయిన ఖాకీ చొక్కా, నెత్తిన దొర టోపీ, చేతిలో చెక్క తుపాకి. ఊరి నడుమ నిలబడి ఆయన కోతలు కోస్తుంటే పిల్లలూ పెద్దలూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవారు. తుపాకి రాముడని ఆయనకు ఇంకో పేరు. ఆ తుపాకి పేలదని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఇక దీపావళి వస్తే రేకు తుపాకి, అందులోకి ఎర్రటి రీలు. టప్ టప్‌మని నాలుగు చప్పుళ్ళు, కాస్త మందు వాసన. రీలు అయిపోతే ఆట కూడా అయిపోయినట్టే. ఆ తర్వాత అసలు తుపాకి మనకు కనిపించేది బ్యాంకు గుమ్మంలో కాపలా మనిషి భుజాన, ఎన్నికలప్పుడు బడి ముందు నిలబడ్డ జవాను చేతిలో. బీరువాలో పట్టుచీరల కింద, మంచం పక్కన సొరుగులో తుపాకి ఉండే ఇల్లు మనలో నూటికి తొంభైతొమ్మిది మంది ఎరగరు.

గుంటూరు వైపు నుంచి డాలస్ వెళ్ళి ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వచ్చిన ఒక పెద్దావిడ ఈమధ్య ఒక మాట చెప్పారు. రెండో తరగతి చదివే మనవరాలు ఒక మధ్యాహ్నం నాయనమ్మకు కొత్త ఆట నేర్పిందట. లైటు తీసెయ్యాలి. తలుపు గడియ వెయ్యాలి. కిటికీలోంచి కనబడని మూలకు పోయి గోడకు ఆనుకుని కూర్చోవాలి. మాట్లాడకూడదు. దగ్గు వస్తే మోచేతిలో మొహం దాచుకోవాలి. ఎవరు తలుపు కొట్టినా తియ్యకూడదు, టీచరు గొంతులా వినబడినా సరే. దాగుడుమూతలు కాబోలనుకుని ఆవిడ కూడా మోకాళ్ళ నొప్పులతోనే గోడ వారన చతికిలబడ్డారు. కాసేపటికి అడిగారు, "మనల్ని వెతకడానికి ఎవరొస్తారే?" అని. "తుపాకీ వాడొస్తాడు నాయనమ్మా. మా బళ్ళో ప్రాక్టీసు చేయిస్తారు" అంది పిల్ల.

"అది భయపడుతూ చెప్పలేదండీ, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది" అన్నారావిడ. ఆ మాట అన్నాక చాలాసేపు కొంగు అంచు సవరించుకుంటూ ఉండిపోయారు.

మన ఇళ్ళల్లో ఇప్పుడు ఈ భయం కొత్తది కాదు. పిల్లలు చదువుకోసం, కొలువుకోసం సముద్రాలు దాటాక, రాత్రి పదకొండింటికి ఫోను చేసి తిన్నావా అని అడిగే తల్లి మనసులో ఇంకో ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్ పట్టణంలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న తెలుగు ఇంజనీరును, తమ దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డుపడబోయిన ఒక అమెరికన్ కూడా ఆ రోజు తూటా దెబ్బ తిన్నాడు. ఆయన్ను తలచుకోకుండా ఆ సంఘటన గురించి చెప్పకూడదు. 2023 మే 6న డాలస్ పక్కనే ఆలెన్ ఊళ్ళోని మాల్‌లో ఎనిమిది మందిని బలిగొన్న కాల్పుల్లో మన అమ్మాయి ఒకరు పోయారు. ఫీజు కట్టుకోవడం కోసం రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాల్లో కౌంటరు దగ్గర నిలబడిన కుర్రాళ్ళు కొందరు దోపిడీగాళ్ళ తూటాలకు పోయారు. కొన్నాళ్ళ కిందట అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి కొత్తగా కొనుక్కున్న వేట తుపాకిని తుడుచుకుంటుంటే అది పేలింది. ఇక్కడ ఉన్నన్నాళ్ళు తుపాకిని ముట్టుకోవాలన్న ఆలోచనే రాని పిల్లవాడికి అక్కడది వాచీ కొన్నంత సులువుగా దొరికింది.

జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో ఒక లెక్క కట్టింది. ప్రపంచమంతా కలిపి మామూలు పౌరుల చేతుల్లో ఉన్న తుపాకులు 85 కోట్ల 70 లక్షలు. వాటిలో 39 కోట్ల 30 లక్షలు ఒక్క అమెరికాలోనే ఉన్నాయి. అంటే నూరుగురు మనుషులకు 120 తుపాకులు. అంతర్యుద్ధంలో నలిగిపోతున్న యెమెన్‌లో నూరుగురికి 53, స్విట్జర్లాండ్‌లో 28, మన దేశంలో 5. జపాన్‌లో నూరుగురికి ఒక్కటి కూడా లేదు.

2021లో అమెరికాలో తుపాకి దెబ్బకు పోయిన ప్రాణాలు 48,830. రోజుకు 130 పైమాటే. ఈ అంకె వినగానే మన కళ్ళ ముందు మాల్, బడి, ప్రార్థనాలయం, పరుగెత్తే జనం కదులుతారు. టీవీలో చూసింది అదే కాబట్టి. నిజానికి ఆ 48,830 మందిలో 26 వేల పైచిలుకు మంది తమను తామే కాల్చుకున్నవారు. ఏ కెమెరా చూడని గదుల్లో, ఏ వార్తకూ ఎక్కకుండా, ఒంటరిగా పోయినవారు. సామూహిక కాల్పుల్లో పోయేవారు మొత్తంలో చాలా చిన్న వంతు. తుపాకి గురించి ప్రపంచమంతా వాదించుకునేటప్పుడు, అటు పక్షమూ ఇటు పక్షమూ కూడా, ఈ సగం మందిని దాదాపు మరిచిపోతారు. ఇంట్లో తుపాకి పెట్టుకున్నవాడు బయటి దొంగ కోసం పెట్టుకుంటాడు. అది ఎక్కువసార్లు ఇంటివాళ్ళనే తీసుకుపోతుంది.

మనసు పూర్తిగా విరిగిపోయిన క్షణం ఎంతసేపు ఉంటుంది? ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడినవారిని వైద్యులు, పరిశోధకులు మెల్లగా కూర్చోబెట్టి అడిగారు. చాలామంది విషయంలో ఆ ఆలోచన గట్టిపడడానికీ చెయ్యి కదలడానికీ నడుమ గంట కూడా లేదు. కొందరికి పది నిమిషాలే. అలా బతికి బయటపడినవారిలో పదింట తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదు. పెళ్ళిళ్ళు చేసుకున్నారు, అప్పులు తీర్చుకున్నారు, మనవలను ఎత్తుకున్నారు. ఆ కాసేపు ఎవరైనా తలుపు తట్టడమో, ఫోను మోగడమో, చేతికి ఏదీ అందకపోవడమో జరిగితే చాలు, మనిషి మిగులుతాడు. కోపమూ అంతే. నిప్పులాంటి కోపం కూడా ఊరి చివరి దాకా నడిచి వెళ్ళేసరికి సగం చల్లారుతుంది. తుపాకి ఆ నడకను మిగల్చదు. సొరుగు లాగినంతసేపట్లో పని అయిపోతుంది.

విరాటపర్వం కథ విన్నవాళ్ళకు జమ్మిచెట్టు గుర్తుండే ఉంటుంది. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలన్నీ శవంలా మూటగట్టి, ఊరి బయట శ్మశానంలో, ఎవరూ తేలిగ్గా ఎక్కలేని జమ్మిచెట్టు కొమ్మకు కట్టారు. అప్పుడు ధర్మరాజు దేవతలకు దండం పెట్టి ఒక మాట కోరుకున్నాడని కథ చెప్పే పెద్దలు అనేవారు. నేను గానీ అర్జునుడు గానీ వచ్చి అడిగితే ఇవ్వండి, భీముడు వచ్చి అడిగితే మాత్రం ఇవ్వకండి అని. భీముడంటే ధర్మరాజుకు ప్రాణం. ఆ ప్రాణంలాంటి తమ్ముడికి ముక్కు మీద కోపమని కూడా తెలుసు. చిన్నప్పుడు ఆ ఘట్టం వింటూ నవ్వుకునేవాళ్ళం. పెద్దయ్యాక చూస్తే, ఇంటి పెద్ద చెయ్యవలసిన పని అంతకన్నా ఏముంటుందనిపిస్తుంది. జమ్మిని రాష్ట్ర వృక్షం చేసుకున్న తెలంగాణలో, దసరా నాడు ఆ ఆకును బంగారమని పిలిచి, ఒకరి చేతిలో ఒకరు పెట్టి, కౌగిలించుకుంటారు. ఆయుధాలు దాచిన చెట్టు ఆకు చేతులు మారి ఆలింగనం అవుతుంది.

తుపాకి చట్టాల చర్చను ఈ చెట్టు నీడలో కూర్చుని చూస్తే చాలా సంగతులు తేలికగా అర్థమవుతాయి. ఏ దేశం ఆ కొమ్మను ఎంత ఎత్తున పెట్టుకుంది? ఎక్కి దించుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరిని అడగాలి?

స్విట్జర్లాండ్ సంగతి ఆసక్తిగా ఉంటుంది. తుపాకులు ఎక్కువగా ఉన్నా హత్యలు తక్కువగా ఉన్న దేశమని తుపాకి అభిమానులు ఎప్పుడూ చూపించేది దాన్నే. అక్కడ మగపిల్లలందరికీ సైనిక శిక్షణ తప్పనిసరి. శిక్షణ అయ్యాక సైన్యం ఇచ్చిన తుపాకిని ఇంటికే తెచ్చుకుని పెట్టుకుంటారు. అటక మీదో, నేలమాళిగలోనో తాత తుపాకి, తండ్రి తుపాకి, కొడుకు తుపాకి. అది వాళ్ళకు పౌరధర్మం. హత్యలు తక్కువన్న మాట నిజమే. పక్కనే ఇంకో నిజం కూడా ఉంది. తుపాకితో ప్రాణం తీసుకునేవారు ఎక్కువగా ఉన్న యూరప్ దేశాల వరసలో చాలాకాలం అదీ ఉండేది. 2003-04లో ఆ దేశం ఖర్చు, అవసరం చూసుకుని సైన్యాన్ని దాదాపు సగానికి తగ్గించింది. ఆత్మహత్యల గురించి ఎవరూ ఆలోచించలేదు. సైన్యంలోంచి పేర్లు తొలగినవారి ఇళ్ళల్లోంచి తుపాకులు వెళ్ళిపోయాయి. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, సైనిక వయసు మగవాళ్ళలో ఆత్మహత్యలు తగ్గాయి. అదే వయసు ఆడవాళ్ళలో, వయసు మళ్ళిన మగవాళ్ళలో అలాంటి తగ్గుదల లేదు. తుపాకి అందకపోతే మరో దారి వెతుక్కున్నవారు కొద్దిమందే. 2007లో ఇంకో నిర్ణయం జరిగింది. తుపాకి ఇంట్లో ఉండనిచ్చి, సైన్యం ఇచ్చే తూటాల పెట్టెను మాత్రం వెనక్కి తెప్పించుకున్నారు. విల్లు ఇంట్లోనే ఉంది, బాణాలు జమ్మిచెట్టు ఎక్కాయి.

ఇజ్రాయెల్ సైన్యం 2006లో చేసింది ఇంతకన్నా చిన్న మార్పు. పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్ర సైనికులు శనివారాలు ఇంటికి వెళ్ళేటప్పుడు తుపాకిని శిబిరంలోనే వదిలి వెళ్ళమన్నారు. అంతే.  ఆ వయసు సైనికుల ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. తగ్గినవి ప్రధానంగా వారాంతాల్లోవి. వారాంతపు సెలవుకు ఇంటికొచ్చిన కొడుకు ఆదివారం తిరిగి వెళ్ళాడు. ఆ తల్లులకు తమకు దక్కిందేమిటో తెలియదు. జరగనిదాన్ని ఎవరు లెక్క పెట్టుకుంటారు?

ఇప్పుడు రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2022 మే నెలలో టెక్సస్‌లోని యువాల్డీ ఊళ్ళో ఒక కుర్రాడికి 18 నిండాయి. మర్నాడే వెళ్ళి చట్టబద్ధంగా రైఫిల్ కొన్నాడు. మూడు రోజులకు ఇంకొకటి. మే 24న ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పుట్టినరోజుకూ ఆ దినానికీ నడుమ ఎనిమిది రోజులు. అదే కుర్రాడు జపాన్‌లో ఉండి ఉంటే? ముందు రోజంతా కూర్చుని తరగతి వినాలి, రాతపరీక్ష ప్యాసవాలి. డాక్టరు మానసిక స్థితిని చూసి కాగితం ఇవ్వాలి. గురి చూసి కాల్చే పరీక్ష ఉంటుంది. పోలీసులు ఇంటికి వచ్చి మాట్లాడతారు, ఇంటివాళ్ళనూ ఇరుగుపొరుగునూ అడుగుతారు. తుపాకి ఏ గదిలో, ఏ పెట్టెలో పెడతావో, తూటాలు ఎక్కడ పెడతావో గీసి చూపించాలి. రెండూ వేర్వేరు చోట్ల ఉండాలి, రెండింటికీ తాళాలు ఉండాలి. ఏడాదికోసారి తుపాకి పట్టుకెళ్ళి పోలీసులకు చూపించాలి. ఇంత చేసి దక్కేది వేటకో, పోటీలకో పనికొచ్చే షాట్‌గన్. రైఫిల్ కావాలంటే పదేళ్ళు షాట్‌గన్‌తో బుద్ధిగా మెలగాలి. పిస్తోలు మామూలు పౌరుడికి ఏ దారిలోనూ రాదు. కోపమో, దుఃఖమో, ద్వేషమో ఇన్ని మెట్లు ఎక్కే ఓపిక ఉన్నదైతే అది వేరే రూపు తీసుకుంటుంది.

షింజో అబే సంగతి ఏమిటని ఎవరైనా అడుగుతారు. అడగవలసిందే. 2022 జులై 8న నారా నగరంలో మాజీ ప్రధానిని పట్టపగలు కాల్చి చంపారు. ఆ కాల్చినవాడు తుపాకి దుకాణానికి వెళ్ళలేక, గొట్టాలూ టేపూ కలిపి తానే తయారు చేసుకున్నాడు. పన్నెండు కోట్లు దాటిన జనాభా ఉన్న ఆ దేశంలో ఏడాది మొత్తం మీద తుపాకికి పోయేవారిని చాలా ఏళ్ళు చేతి వేళ్ళ మీదే లెక్కపెట్టవచ్చు. చట్టం అన్ని చావులనూ ఆపలేదు. ఆపగలిగినవాటిని ఆపింది.

బ్రిటన్‌లో డన్‌బ్లేన్ అనే చిన్న ఊరుంది, స్కాట్లాండ్ నడిబొడ్డున. 1996 మార్చి 13 ఉదయం ఆ ఊరి బడి వ్యాయామశాలలో అయిదారేళ్ళ పిల్లలు 16 మంది, వాళ్ళ టీచరు చనిపోయారు. ఆ తుపాకులన్నిటికీ లైసెన్సు ఉంది. తర్వాత టెన్నిస్‌లో పేరు తెచ్చుకున్న ఆండీ ముర్రే అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవాడు, ఆ పూట అదే బళ్ళో ఉన్నాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖానికి తోడు నిలిచిన కొందరు ఆడవాళ్ళు ఒక విన్నపం రాసి సంతకాలు మొదలుపెట్టారు. మంచు కరిగే ఆ మార్చి నెలలో అక్కడ పూసిన పువ్వు స్నోడ్రాప్ ఒక్కటే కాబట్టి దానికి ఆ పువ్వు పేరే పెట్టారు. ఏడు లక్షల మంది సంతకం చేశారు. ఫేస్‌బుక్ లేదు, వాట్సాప్ లేదు. కాగితాలు, పెన్నులు, వీధి మూలన బల్లలు. రెండేళ్ళు తిరక్కుండానే ఒక ప్రభుత్వం పెద్ద పిస్తోళ్ళను, ఎన్నికల తర్వాత వచ్చిన ఇంకో ప్రభుత్వం మిగిలిన చిన్నవాటిని కూడా నిషేధించాయి. ఆ తర్వాత బ్రిటన్‌లో ఏ బడిలోనూ అలాంటి కాల్పులు జరగలేదు. ఆ సంతకాల బల్ల ముందు నిలబడినవారిలో చాలామందికి ఆ ఊరితో ఏ చుట్టరికమూ లేదు.

డన్‌బ్లేన్ జరిగి ఆరు వారాలు గడిచాయో లేదో, భూగోళానికి అవతలివైపున, ఆస్ట్రేలియా టాస్మానియా దీవిలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపాడు. 1996 ఏప్రిల్ 28. ప్రధాని జాన్ హోవర్డ్ అధికారంలోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆయనది సంప్రదాయ పక్షం. ఆయనకు ఓట్లేసిన రైతుల ఇళ్ళల్లోనే తుపాకులు ఎక్కువ. అయినా 12 రోజుల్లో అన్ని రాష్ట్రాలనూ ఒక ఒప్పందానికి తెచ్చారు. గబగబా పేలే రైఫిళ్ళను నిషేధించారు. తుపాకి కావాలంటే సరైన కారణం చెప్పాలి, ఆత్మరక్షణ అన్నది కారణంగా చెల్లదు, అర్జీ పెట్టాక 28 రోజులు ఆగాలి. ప్రజల దగ్గర ఆరు లక్షలకు పైగా తుపాకులు డబ్బిచ్చి కొని కరిగించారు. ఆ డబ్బు కోసం ఆరోగ్య పన్ను మీద ఒక్కసారికి కాస్త పెంచితే జనం కట్టారు. కోపంగా ఉన్న తుపాకి యజమానుల సభకు ఆయన చొక్కా కింద తూటా ఆపే కవచం తొడుక్కుని వెళ్ళారు. సొంత మనుషుల ముందుకు అలా వెళ్ళవలసి వచ్చినందుకు తర్వాత బాధపడ్డారు కూడా. ఓట్లు పోతాయని తెలిసీ సొంత మనుషులకు నచ్చని మాట చెప్పగలగడం రాజకీయాల్లో అరుదు, అందుకే దాన్ని ఇంతసేపు చెప్పుకోవాలనిపించింది.

పక్కనున్న న్యూజీలాండ్ కూడా అలాగే నడిచింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లోని రెండు మసీదుల్లో 51 మంది పోయారు. వారిలో మన హైదరాబాద్ నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. నెల తిరక్కుండానే పార్లమెంటు చట్టం చేసింది. 119 మంది అవునన్నారు, కాదన్నది ఒక్కరే.

అక్కడితో కథ కంచికి వెళ్ళలేదు. 2025 డిసెంబరు 14న సిడ్నీలోని బోండై తీరంలో యూదుల పండుగ జరుగుతుండగా తండ్రీకొడుకులు కాల్పులు జరిపి 15 మందిని చంపారు. ఆ తండ్రి పేరు మీద లైసెన్సున్న తుపాకులే ఆరు ఉన్నాయి. అతను 1998లో హైదరాబాద్ నుంచి వెళ్ళినవాడని తెలంగాణ పోలీసులే చెప్పారు. తుపాకికి పోయిన మన పిల్లల పేర్లు తలచుకున్నప్పుడు ఈ సంగతినీ దాచుకోకూడదు. అదే తీరంలో, సిరియా నుంచి వచ్చి పండ్ల కొట్టు పెట్టుకున్న ఒక మనిషి వట్టి చేతులతో వెనకనుంచి వెళ్ళి తుపాకి లాక్కున్నాడు. అతని ఒంటికి తూటాలు తగిలాయి. 1996 చట్టం చేసిన దేశంలో అప్పటికన్నా ఇప్పుడు తుపాకులు ఎక్కువే ఉన్నాయి, ఆ రోజు నాటికి ఒక్క మనిషి ఆరు ఉంచుకోగలిగాడు. చట్టం చెరువు కట్టలాంటిది. తాతలు కట్టారు కదా అని వదిలేస్తే ఎలకలు బొరియలు పెడతాయి, ఏదో ఒక వానకు గండి పడుతుంది. ఏటేటా మట్టి పొయ్యాల్సిందే. ఆ విషాదం తర్వాత ఆస్ట్రేలియా మళ్ళీ తట్టా పారా పట్టుకుంది.

అమెరికా ఎందుకు పట్టుకోలేకపోతోందని మనవాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళ మనసును కాస్త అర్థం చేసుకోవాలి. బ్రిటన్ రాజుగారి సైన్యాన్ని తరిమికొట్టింది ఇళ్ళల్లోని తుపాకులేనన్నది వాళ్ళు చిన్నప్పటినుంచీ వినే కథ. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ ఆ కథలోంచి పుట్టింది. 2008లో సుప్రీంకోర్టు ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని చెప్పింది. పోలీసు రావడానికి ముప్పావు గంట పట్టే పొలాల నడుమ ఒంటరి ఇంట్లో ఉండేవారి భయం కూడా భయమే. మనకూ తుపాకి కథలున్నాయి. 1857 తర్వాత మన చేతుల్లోంచి ఆయుధం లాగేసిన 1878 ఆయుధాల చట్టం ఒక జాతిని అవమానించిన చట్టం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి తీసుకెళ్ళింది తుపాకులూ తూటాలే. తెలంగాణ సాయుధ పోరాటంలో బర్మారు తుపాకి పట్టుకున్న పల్లె మనిషిని మనం ఇప్పటికీ గుండెలో పెట్టుకుంటాం. కాబట్టి తుపాకిలో స్వేచ్ఛను చూసే కన్ను మనకు పరాయిది కాదు. ఆ కన్నుతోనే ఇంకొకటి కూడా చూడాలి. 2020 నుంచి అమెరికాలో ఏడాది దాటిన పిల్లల దగ్గర్నుంచి పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళ దాకా, రోడ్డు ప్రమాదాలకన్నా, జబ్బులకన్నా ఎక్కువమందిని తీసుకుపోతున్నది తుపాకి. ఏ పోరాటమూ కోరుకునే మూల్యం ఇది కాదు.

మన దేశం 1959 చట్టంతో తుపాకిని లైసెన్సుకు కట్టేసింది. 2019లో ఒకరికి రెండుకన్నా ఎక్కువ ఉండకూడదని సవరించింది. ఉత్తరాదిన పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే సరదాకు జైలు శిక్ష పెట్టింది. ఎన్నికలొస్తే లైసెన్సున్నవాళ్ళు తుపాకులను ఠాణాలో అప్పగించి వస్తారు. లైసెన్సు లేని నాటు తుపాకులే దేశంలో ఎక్కువన్నది వేరే వ్యథ.

తెలుగునేల మీద మాత్రం చేతికందే దూరంలో ఉన్నది తుపాకి కాదు. వసారాలో గోడ గూట్లో, ఎరువుల బస్తాల పక్కన పెట్టిన పురుగుమందు డబ్బా. పత్తి, మిర్చి పండించే ఏ ఊరికి వెళ్ళి అడిగినా ఒక ఇంటి వైపు చూపించి గొంతు తగ్గిస్తారు. అప్పులవాడు వచ్చి నాలుగు మాటలన్న సాయంత్రం, మార్కుల కాగితం వచ్చిన మధ్యాహ్నం, మొగుడూ పెళ్ళాం మాటా మాటా అనుకున్న రాత్రి. స్విట్జర్లాండ్ అటక మీద ఉన్నదీ మన వసారాలో ఉన్నదీ ఒకే పని చేస్తాయి, విరిగిన మనసుకు చల్లారే వ్యవధి ఇవ్వవు. శ్రీలంక ఈ సంగతిని మనకన్నా ముందు గుర్తించింది. 1995 ప్రాంతంలో అక్కడ ఆత్మహత్యల రేటు లోకంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. మహా విషపు మందులను ఒక్కొక్కటిగా అంగట్లోంచి తీసేశారు. ఇరవై ఏళ్ళలో ఆ రేటు 70 శాతం దాకా తగ్గింది. పంటల దిగుబడి పడిపోలేదు. రైతుల కష్టాలు తీరిపోయి కాదు అది, చెట్టు కొమ్మ కాస్త పైకి జరిగినందువల్ల. మందు డబ్బాకు తాళం పెట్టె పెట్టుకోవడం, తాళం చెవి పక్కింటివాళ్ళ దగ్గర ఉంచడం మన ఊళ్ళల్లో ఏ చట్టమూ అక్కర్లేకుండా రేపే మొదలుపెట్టగలిగిన పని. ఎవరికైనా ఆ రాత్రి గడవనంత భారంగా ఉంటే 14416కు ఫోను చేస్తే టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

డాలస్ నుంచి వచ్చిన పెద్దావిడ చెప్పినది ఇంకొకటి మిగిలింది. ఒక శనివారం మనవరాలిని స్నేహితురాలి పుట్టినరోజుకు పిలిచారు. అక్కడే ఆడుకుని, రాత్రికి అక్కడే పడుకోవాలి. సాయంత్రం బయలుదేరే ముందు కోడలు వంటింట్లో ఫోను పట్టుకుని చాలాసేపు నిలబడిందట. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు. పోయిన నెల వీళ్ళింటికి వచ్చి పులిహోర తిని వెళ్ళారు. అలాంటివాళ్ళను మీ ఇంట్లో తుపాకి ఉందా అని అడగడం ఎలా? మన పెంపకంలో ఎదుటివాళ్ళ బీరువాలో ఏముందో అడగడం తప్పు. పిల్లలు ఆడుకోవడానికి వెళ్ళే ఇంటివాళ్ళను ఆ మాట మొహమాటపడకుండా అడగండని అక్కడి పిల్లల డాక్టర్లే ఏళ్ళుగా చెబుతున్నారు. కోడలికి అది తెలుసు. చివరికి నంబరు నొక్కింది. మా పిల్లకు వేరుసెనగ పడదు, చూసుకోండి అని మొదలుపెట్టి, కుక్క గురించి అడిగి, అప్పుడు ఆ మాట అడిగింది.

అవతల కాసేపు చప్పుడు లేదు.

అత్తగారు పొయ్యి దగ్గర గరిటె ఆపి చూస్తున్నారు. కోడలు "థాంక్యూ" అంది, మళ్ళీ "థాంక్యూ సో మచ్" అంది, ఫోను పెట్టేసింది.

"ఏమందే?"

"రెండున్నాయట అత్తయ్యా. ఇనప లాకర్లో పెట్టి తాళం వేస్తారట, గుళ్ళు వేరే గదిలో ఉంటాయట. ఇన్నాళ్ళలో అడిగినదాన్ని నేనేనట. తను కూడా ఇకనుంచి అందరినీ అడుగుతానంది."

ఆవిడ చేతులు కడుక్కుని, దువ్వెన తీసుకుని, మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని జడ అల్లడం మొదలుపెట్టారు. బయట కారు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది.